వెనక టైరు ముందు చక్రానికి వేసుకుంటే బాణం ఉల్టా

మా బావమరిది తన స్ప్లెండర్ అమ్మేముందు, రెండు నెలల కిందటే వేయించిన వెనక టైరు విప్పించి పాతది తొడిగించి ఇచ్చాడు. కొన్నాయన ఉసురు తగలకపోతే చాలు. ఆ టైరు బెంగళూరు కె.ఆర్.పురంలో మా బాల్కనీలో పడి ఉంది. ఈలోగా నా బండి (అదీ స్ప్లెండరే) ముందు టైరు పక్కలన్నీ చిట్లాయి. పండక్కి హొసకోట, చింతామణి మీదుగా మదనపల్లె పోవాలి. సరే, ఉన్నదాన్నే ముందుకు తెద్దామనుకున్నా.

ఇది అన్ని బండ్లకీ కుదరదు. స్ప్లెండర్ ప్లస్‌కి ముందూ వెనకా ఒకే సైజు, 80/100-18. తేడా దాని పక్కన ఉండే అంకెలో ఉంది. ముందు టైరు మీద 47, అంటే 175 కిలోలు మోస్తుంది. వెనక దాని మీద 54, అంటే 212. కాబట్టి వెనకది ముందుకొస్తే బరువుకి ఢోకా లేదు. ముందుదాన్ని మాత్రం వెనక్కి వేయకండి. వెనక టైరు లావుగా ఉండే బండ్లలో ఈ ప్రయత్నమే వద్దు, రిమ్ముకి సరిపోదు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకి రాసుకుంటుంది.

చక్రం విప్పి టిన్ ఫ్యాక్టరీ దగ్గర పంక్చర్ షాపుకి తీసుకెళ్లా. అక్కడి అబ్బాయి మన చిత్తూరు వైపే. టైరు పక్కన చక్రం తిరిగే దిశ చూపే బాణం ఉంటుంది, దాన్ని ముందుకి పెట్టి ఎక్కించబోయాడు. "ఉల్టా పెట్టు" అన్నా. "అన్నా, బాణం ముందుకే గదా ఉండాల?" అన్నాడు. వాడి బల్ల మీద నల్ల టేపు చుట్ట ఉంటే తీసి చూపించా. టేపు కొస మీద ఒకవైపు నిమిరితే అణిగి ఉంటుంది, ఎదురు నిమిరితే లేస్తుంది. టైరు పైన రబ్బరు కూడా పట్టీలా చుట్టి, ఏటవాలుగా అతికిందే. వెనక చక్రం మీద ఇంజను లాగుడు ఎక్కువ, ముందు చక్రం మీద బ్రేకు ఒత్తిడి ఎక్కువ. ఈ రెండూ ఎదురెదురు. అందుకే వెనక టైరు ముందుకొస్తే బాణం వెనక్కి తిరగాలి. కొన్ని టైర్ల మీద ఫ్రంట్, రియర్ అని రెండు బాణాలుంటాయి, అప్పుడు ఫ్రంట్ బాణమే చూసుకోండి. అసలు బాణమే లేకపోతే ఎటు వేసినా ఒకటే.

ఎక్కించేటప్పుడు ట్యూబులో కొంచెం గాలి పెట్టి గుండ్రంగా నిలబడేలా చేయాలి, లేకపోతే టైరు ఎక్కించే ఇనప పట్టీ (లివరు) కింద నలిగి పంక్చర్ అవుతుంది. నాకు ఒకసారి అయింది, ఇంటికొచ్చాక తెలిసింది. వాల్వుకి ఎదురు వైపు మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. ఎక్కిన అంచుని రిమ్ము నడుమ గుంతలోకి మోకాలితో తొక్కి పట్టుకుంటే, చివరి జానెడు లివరుతో కుస్తీ పట్టక్కర్లేదు. సబ్బునీళ్లు రాయండి. గాలి నింపాక టైరు అంచు పక్కనే ఉండే సన్నటి గీత రిమ్ము చుట్టూ ఒకే ఎడంలో కనపడాలి. ఎక్కడైనా లోపలికి దిగితే గాలి తీసి మళ్లీ కూర్చోబెట్టాల్సిందే.

చక్రం బిగించేటప్పుడు అందరూ మరిచేది ఒకటుంది. బ్రేకు డ్రమ్ము ప్లేటు మీద గాడిలో, ఫోర్కు కాలి మీది ముక్కు సరిగ్గా కూర్చోవాలి. కూర్చోకపోతే బ్రేకు వేయగానే ప్లేటే తిరిగిపోతుంది, ఇక బ్రేకు ఉండదు. స్పీడోమీటరు పళ్లు కూడా హబ్బు గాడిలో పడ్డాయో లేదో చూసుకోండి. తర్వాత చక్రం చేత్తో తిప్పి, మడ్‌గార్డుకి తగలకుండా తిరుగుతోందా, బ్రేకు పట్టి వదులుతోందా అని నాలుగైదుసార్లు చూశా.

గాలి 25 పెట్టించండి. అది ముందు చక్రం లెక్క, టైరు వెనకదైనా మారదు. పంపు దగ్గర కుర్రాడు టైరు చూసి 40 కొట్టబోయాడు, ఆపా. హ్యాండిలు మునుపటి కంటే కొంచెం బరువుగా ఉంది, మలుపులో కాస్త ఆలస్యంగా తిరుగుతోంది. ముందు టైరుకుండే నిలువు గాడులు దీనికి లేవు కదా మరి. చింతామణి దాకా యాభై దాటకుండా పోయా, వెనక కూర్చున్న మా ఆవిడ మాత్రం రెండుసార్లు టైము అడిగింది.