సముద్రగర్భపు నల్లపొగలో ఇనుము ఏమవుతుందో గ్లాసులో చూడండి

మా గుంటూరులో ఎరువుల కొట్లో అడిగితే అన్నభేది (ఇనుప లవణం, ఫెర్రస్ సల్ఫేట్) ఇస్తారు. నడిసముద్రపు పర్వతశ్రేణుల రసాయనాన్ని మా ఇంటర్ పిల్లలకు దాంతోనే చూపిస్తాను.

అర చెంచా అన్నభేది గ్లాసుడు నీళ్లలో కలపండి. లేత ఆకుపచ్చగా ఉన్నదే తీసుకోండి, గోధుమరంగుకు తిరిగింది పనికిరాదు. బట్టల సోడా కలిపిన నీళ్లు కొద్దికొద్దిగా పోయండి. మురికిపచ్చ మడ్డి విడుతుంది. ఇక గ్లాసు కదపొద్దు. గాలి తగిలే పైఅంచు ముందు తుప్పురంగు తేలి, ఆ రంగు మెల్లగా కిందికి దిగుతుంది. నాకెంతో ఇష్టమైన భాగం ఇదే, తొందరపడకండి.

1979లో తూర్పు పసిఫిక్ శ్రేణి మీద, సుమారు 2,600 మీటర్ల లోతున నల్లపొగ గొట్టాలు, అంటే సముద్రపు అడుగు నుంచి వేడినీటిని నల్లని పొగలా చిమ్మే గొట్టాలు, కనిపించాయి. అందులోంచి వచ్చే నీరు 350 డిగ్రీలు దాటినా ఒత్తిడి వల్ల మరగదు. ఆక్సిజన్ లేని ఆ నీటిలో ఇనుము కరిగి ఉంటుంది. చల్లని నీరు తగలగానే కొంత గంధకంతో కలిసి నల్లని రేణువులవుతుంది. మిగిలింది పైకి లేస్తూ మన గ్లాసులో లాగే తుప్పవుతుంది: అట్లాంటిక్‌లో నిమిషాల్లో, పసిఫిక్‌లో గంటల్లో. పసిఫిక్ లోతుల్లోని పాత నీటిలో, అంటే ఉపరితలం వదిలి చాలాకాలమైన నీటిలో, ఆక్సిజన్, పీహెచ్ (ఆమ్ల క్షార గుణాల కొలత) రెండూ తక్కువ మరి. ఆ తుప్పు నీటిలోని ఫాస్ఫేటునూ వెనేడియం అనే లోహాన్నీ పట్టేసుకుంటుంది.

మాంగనీసు ఇంత త్వరగా మారదు, చాలా దూరం పోతుంది. అందుకే ఓడలో వెళ్లే శాస్త్రవేత్తలు పొగ జాడ తీయడానికి దాన్నీ కొలుస్తారు.