ఉప్పునీటి చేపలకు మేత: రొయ్యల రేకు చిట్కా

మేత ఎంత వేసినా మా క్లౌన్ చేపలు ఇంకా కావాలన్నట్టు ట్యాంకు అద్దం దగ్గరికి వచ్చేస్తాయి, జాలిపడి వేస్తే రెండో రోజుకి గాజు నిండా పాచి. ఇక్కడ బరంపురంలో ఫ్రోజెన్ మేత దొరకడమూ కష్టమే, అందుకని గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే పచ్చి రొయ్యలు 100 గ్రాములు తీసుకుని, పెంకు తీసి కడిగి, చేప కన్నంత ముక్కలుగా తరిగి, జిప్ కవర్లో పల్చటి రేకులా పరిచి ఫ్రీజర్లో పెడుతున్నాను.

రెండు క్లౌన్‌లకీ ఒక డామ్సెల్ చేపకీ చిటికెన వేలి గోరంత ముక్క విరిచి, ట్యాంకు నీళ్ళలో కరిగించి, టీ వడపోతలో వంచి ఆ నీళ్ళు పారబోస్తాను (అవి కూడా పాచికి మేతే). రిటర్న్ పంపు (నీళ్ళని తిరిగి ట్యాంకులోకి తోసేది) ఆపి కొంచెం కొంచెంగా, రెండు నిమిషాల్లో తినేసేంతే, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి. పంపు మళ్ళీ వేయడం మరిచిపోకండి, నేను ఒకసారి మరిచాను. మధ్యమధ్యలో గుళికల మేత కూడా వేస్తాను, రొయ్య ఒక్కటే చాలదు.

ఆంథియాస్ చేపలు ఉంటే ఈ రెండు పూటల లెక్క పనికిరాదు, వాటికి రోజుకి మూడు నాలుగుసార్లు కొద్దికొద్దిగా వేయాలి. నాచు తినే టాంగ్ చేపలకైతే ఎండు సముద్రపు నాచు కావాలి. కరెంటు పోయి రేకు కరిగిపోతే మళ్ళీ గడ్డ కట్టించొద్దు, పారేయండి.