శంషాబాద్‌లో దిగిన ఏసెక్సువల్ మిత్రులకు

విదేశం నుంచి హైదరాబాద్ చేరినవారికి ఆధార్ గురించి, అద్దె ఇంటి గురించి చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉంటారు. స్నేహితుడు ఉన్నట్టుండి ‘నువ్వంటే ఇష్టం’ అంటే, లైంగిక ఆకర్షణే కలగని మనలాంటివాళ్లు ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. నేను మస్కట్ నుంచి వచ్చి ఆరేళ్లయింది. తెలిసిందంతా తప్పులు చేసి తెలుసుకున్నదే.

ఇక్కడ చాలాసార్లు ప్రశ్న సూటిగా రాదు. తెల్లవారుజామున మూడింటికి విమానాశ్రయానికి వచ్చి నిలబడతారు. అమీర్‌పేట నుంచి మాదాపూర్ దాకా బండి మీద దింపుతారు. వాళ్లమ్మ పెట్టిన గోంగూర పచ్చడి సీసా మీ వంటింటికి చేరుతుంది. ఆరు నెలలకు స్నేహితులంతా మీ ఇద్దరికీ ముడిపెట్టేసి ఉంటారు, తెలియనిది మీకొక్కరికే. అందుకే ఎవరైనా అడిగేదాకా ఆగకండి. విమానాశ్రయానికి పుష్పక్ బస్సులున్నాయి. బస్సు మన మీద ఆశలు పెట్టుకోదు.

నోరు విప్పేముందు మీకు ఏం వద్దో మీరు తేల్చుకోవాలి. ఏసెక్సువల్ అయినంత మాత్రాన ప్రేమ, తోడు అక్కర్లేదని కాదు. అవి కావాలనిపించేవాళ్లూ ఉన్నారు. ఆ ప్రేమభావం కూడా కలగనివారిని ఏరొమాంటిక్ అంటారు. ఇది సన్యాసం కాదు. సన్యాసం ఎంచుకునేది, ఇది ఉన్న తీరు.

నేను చేసిన పెద్ద తప్పు ‘చూద్దాం’ అనడం. నొప్పించకూడదని అన్న మాట నన్ను ఇష్టపడ్డ స్నేహితుడికి సగం అంగీకారంలా వినిపించింది. వారం తర్వాత నాంపల్లిలో ఒక ఇరానీ హోటల్లో కూర్చుని అసలు సంగతి చెప్పాను. అతను ముంచిన ఉస్మానియా బిస్కెట్టు విరిగి చాయ్ అడుగుకు జారింది. తలెత్తకుండా చెంచాతో దాన్ని వెతుకుతూనే అడిగాడు: “నేను నచ్చలేదా, ఎవరూ నచ్చరా?”

“ఎవరి మీదా అలాంటి కోరిక కలగదు. నీలో లోపమేమీ లేదు. స్నేహం తప్ప ఇంకేదీ ఇవ్వలేను” అన్నాను. మొదటి రోజే అనవలసిన మూడు వాక్యాలు.

“ఇలా కూడా ఉంటారా?” అన్నాడు. ఉంటారు. కెనడా మనస్తత్వ పరిశోధకుడు ఆంథొనీ బొగార్ట్ 2004లో ప్రచురించిన పరిశీలనలో, బ్రిటన్‌లో 18,000 మందికి పైగా పాల్గొన్న సర్వేలో సుమారు 1 శాతం తమకు ఎవరిపైనా లైంగిక ఆకర్షణ కలగలేదన్నారు. కానీ అంకెలు ఆ పూటకు అక్కర్లేదు. ఎదుటివాడి మనసు విరిగినప్పుడు పాఠం చెప్పకూడదు.

రాఖీ కట్టేసి తప్పించుకోవడం మన దగ్గర పాత చిట్కా. దయచేసి వద్దు. అది పదిమందిలో పరువు తీయడమే. తర్వాత అతను రెండు నెలలు ఫోను చేయకపోతే చేయనివ్వండి, పుట్టినరోజుకు సందేశం పంపి ఊరుకోండి.

ఇక మీ సంగతి ఎవరికీ చెప్పవద్దని అక్కడే అడిగి తీరాలి. నేను అడగలేదు. నాంపల్లిలో అన్న మాట నాలుగో రోజుకు మస్కట్‌లో మా అమ్మ చెవిన పడింది. “ఏ డాక్టరుకు చూపించావే?” అన్నది ఆవిడ మొదటి ప్రశ్న. అమెరికా మనోవైద్యుల సంఘం మానసిక రుగ్మతల నిర్ధారణకు 2013లో తెచ్చిన గ్రంథం డీఎస్ఎం-5 ప్రకారం, తాను ఏసెక్సువల్‌నని చెప్పుకునే వ్యక్తికి కోరికల లోపం అనే జబ్బు అంటగట్టకూడదు. ఆ ముక్క అమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికి రెండు సంక్రాంతులు పట్టింది.