ఎయిర్‌బస్సా, బోయింగా? చేతులు వదిలి చూడండి

హన్మకొండ నుంచి ఉప్పల్‌కు 22 ఏళ్లు బస్సు నడిపాను. రిటైరయ్యాక మనవడి కంప్యూటర్‌లో విమానాలు నడుపుతున్నాను. ఈ రెండు కంపెనీల తేడా తెలియాలంటే సిమ్యులేటర్‌లో ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737-800 పక్కపక్కన పెట్టుకోండి.

బయట ఎక్కువసేపు చూడక్కర్లేదు. 737 చక్రాలు ముడుచుకున్నాక కూడా పొట్ట కింద పెద్ద చక్రాలు కనిపిస్తూనే ఉంటాయి, వాటికి తలుపుల్లేవు. 1967లో మొదట ఎగిరిన డిజైన్, నేలకు దగ్గరగా కట్టారు. తర్వాత లావు ఇంజిన్లు వచ్చేసరికి వాటి అడుగు చదును చేయాల్సి వచ్చింది.

ఇక లోపలికి. బోయింగ్‌లో స్టీరింగ్ లాంటి యోక్. ఎయిర్‌బస్‌లో పక్కన చిన్న కర్ర, ముందు అన్నం ప్లేటు పెట్టుకునే బల్ల. (ఆ బల్ల మీద నాకు అసూయ!) 5,000 అడుగుల్లో ఆటోపైలట్, ఆటోథ్రస్ట్ (ఇంజిన్ పవర్‌ను తనే సర్దేది) తీసేయండి. విమానాన్ని పక్కకు 20 డిగ్రీలు వంచి జాయ్‌స్టిక్ వదిలేయండి. ఏ320 వంపూ ముక్కూ అలాగే పట్టుకుని ఉంటుంది. 737 ముక్కు మెల్లగా కిందికి దిగుతుంది, మీరే లాగి పట్టాలి. ఇప్పుడు పవర్ తగ్గించండి. 737 మళ్లీ ముక్కు దించుతుంది, ట్రిమ్ బటన్ (ముక్కు మనం పెట్టిన చోటే నిలిచేలా సర్దేది) నొక్కుతూ సరిచేయాలి. అప్పుడు మధ్య పీఠానికి పక్కనున్న చక్రం గరగరా తిరుగుతుంది. "తాతా, ఇది ఇసుర్రాయి లెక్క తిరుగుతుందేంది?" అన్నాడు మావాడు.

ఆటోథ్రస్ట్ మళ్లీ పెట్టి థ్రాటిల్ (ఇంజిన్ పవర్ లివర్లు) చూడండి. బోయింగ్‌లో లివర్లు వాటంతటవే కదులుతాయి. ఎయిర్‌బస్‌లో గాడిలో పెట్టిన లివర్ అక్కడే ఉంటుంది, ఇంజిన్ మాత్రం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. నాలాంటి డ్రైవర్‌కు ఇదే పెద్ద టెన్షన్: కాలు కదలకుండా బండి ఉరుకుతున్నట్టు.

ఇంకో తేడా ఒక్కరే కూర్చుంటే తెలియదు. బోయింగ్ యోక్‌లు రెండూ కలిసి కదులుతాయి, డ్రైవింగ్ స్కూల్ బండి జంట బ్రేకుల్లాగా. ఎయిర్‌బస్ కర్రలకు లంకె లేదు. ఇద్దరూ ఒకేసారి కదిపితే రెండూ కలిపి లెక్కేసుకుని, 'డ్యుయల్ ఇన్‌పుట్' అని అరుస్తుంది.

యోక్ ఉంటే చాలు, 737 లాగా లోపల ఇనుప తీగలు లాగి నడిపే పాత బండే అనుకోకండి. 1995లో సేవలోకి వచ్చిన బోయింగ్ 777 కూడా ఏ320 లాగే కరెంటు సంకేతాలతోనే నడుస్తుంది. కానీ 35 డిగ్రీలు దాటి వంచితే యోక్ బరువెక్కుతుంది, బలంగా తోస్తే వింటుంది. ఏ320 మాత్రం 67 దాటి ఎంత తోసినా వంగదు.