వానల ముందు మలావికి వెళ్లే మిషనరీ కుటుంబాలకు కొన్ని జాగ్రత్తలు

ఆగ్నేయ ఆఫ్రికాలోని మలావి దేశంలో వానలు నవంబరులో మొదలై ఏప్రిల్ దాకా ఉంటాయి. దసరా సెలవులు చూసుకుని ఇక్కడి నుంచి బయల్దేరే కుటుంబం సరిగ్గా ఆ వానల్లోకే దిగుతుంది. మేమూ అలాగే దిగాం: నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు. ఆరేళ్లు ఉన్నాం. వీడ్కోలు కూటంలో మాకు దండలు వేసి, చేతులుంచి ప్రార్థన చేశారు. దోమతెర గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

అందుకే ముందు దోమ సంగతి. మన మన్యంలో ప్రాణాలు తీసే ఫాల్సిపారం మలేరియానే అక్కడ ఎక్కువ. 1875లో స్కాట్లండ్ మిషనరీలు మలావి సరస్సు ఒడ్డున కేప్ మెక్లియర్‌లో కాపురం పెట్టారు. జ్వరాలకు వాళ్లలో కొందరు పోయారు, 1881లో మిషన్ అక్కడి నుంచి బండావేకు తరలిపోయింది. ఆ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మందు పూసిన దోమతెరలు మనిషికొకటి చొప్పున తీసుకెళ్లండి. దిగిన రాత్రే కట్టండి, పెట్టెలు తర్వాత సర్దుకోవచ్చు. ముందుజాగ్రత్త మాత్రలు కొన్ని ప్రయాణానికి రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు సాధారణంగా డాక్సీసైక్లిన్ ఇవ్వరు. కాబట్టి పిల్లల బరువు, వయసు చెప్పి డాక్టరుతోనే రాయించుకోండి.

అక్కడ మా రెండో జనవరి నాటికి బాబుకు నాలుగేళ్లు. సాయంత్రం ఒళ్లు వెచ్చబడింది. మా ఆయన వాగు అవతలి ఊళ్లో కూటాలకు వెళ్లారు, వాన పడి వాగు పొంగింది. ప్రార్థన చేసుకుందాం, తెల్లారాక చూద్దాం అనుకుని మంచం పక్కన మోకరించాను. పక్కింటావిడ వచ్చింది. ఆవిడకు అక్కడి భాష చిచేవా తప్ప మరొకటి రాదు. వాడి అరికాళ్లు పట్టుకుని చూసి, ఏమీ అనకుండా తన చితెంజె గుడ్డతో వాణ్ణి వీపున కట్టుకుంది. నేను ఆమెన్ అనేలోపే గుమ్మం దాటేసింది. గొడుగు పట్టుకుని వెనకాల పరుగెత్తాను. క్లినిక్‌లో వేలిమీద సూదితో పొడిచి, చిన్న పట్టీ మీద రక్తం చుక్క వేస్తే కాసేపటికి రెండు గీతలు కనబడ్డాయి. మలేరియా. జ్వరం వస్తే ఆ రోజే పరీక్ష చేయించాలి. ప్రార్థన నడుస్తూ చేసుకోవచ్చు.

మలావిలో ఎల్లో ఫీవర్ బెడద లేదు. కానీ దారిలో ఇథియోపియాలోనో కెన్యాలోనో విమానాశ్రయం దాటి బయట ఆగాల్సి వస్తే ఆ టీకా కార్డు తప్పనిసరి అనుకోండి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. సరస్సు నీళ్లు అద్దంలా ఉంటాయి, పిల్లలు ఆగరు. అందులోని నత్తల నుంచి బిల్‌హార్జియా పురుగు చర్మం గుండా లోపలికి పోతుంది. దిగనివ్వకండి. దిగితే రెండు మూడు నెలల తర్వాత పరీక్ష చేయించండి.

ఇక మందుల దుకాణంలో దొరకని జాగ్రత్తలు.

పిలుపు ఒక్కరికే వచ్చి, రెండోవారు సర్దుకుపోతున్నట్టయితే టికెట్లు కొనకండి. ఆఫ్రికాలో తిరిగిన మిషనరీ డేవిడ్ లివింగ్‌స్టన్ భార్య మేరీ ఏళ్ల తరబడి పిల్లలతో బ్రిటన్‌లో ఒంటరిగా గడిపింది. చివరికి భర్తను చేరుకుని 1862లో జాంబెజి నది ఒడ్డున షుపాంగాలో జ్వరంతో పోయింది. ఆయన పేరు అందరూ ఎరుగుదురు. ఆమె సంగతి మన ఆదివారపు బడిలో నాకెవరూ చెప్పలేదు. వెళ్లేముందు భార్యను విడిగా కూర్చోబెట్టి అడగండి, అదీ అత్తమామల ముందు కాదు.

జనవరి నుంచి మార్చి దాకా అక్కడ ఆకలి నెలలు. పాత మొక్కజొన్న అయిపోతుంది, కొత్త పంట ఇంకా చేతికి రాదు. మీ తలుపు రోజూ తడతారు. ఎంత ఇస్తారో, పప్పు డబ్బాలో ఎక్కడిదాకా వచ్చాక ఆపుతారో డిసెంబరులోనే ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. మా కాపురంలో అతి పెద్ద గొడవ దీని మీదే. ఆయన బస్తా పిండి మొత్తం ఎత్తి ఇచ్చేశారు. నేను రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన చేసింది తప్పని ఇప్పటికీ అనను, నన్ను అడగకపోవడం తప్పు.

వారంలో ఒక రోజు ఇంటికి కేటాయించండి. మాకు సోమవారం. అది ఊరికే రాలేదు. ఏడేళ్ల మా పాప ఒక రాత్రి, "దేవుడు నాన్నను అందరి ఇళ్లకూ పంపిస్తాడు కదమ్మా, మన ఇంటికి ఎప్పుడు పంపిస్తాడు?" అని అడిగింది. ఆయన గుమ్మంలో బూట్ల బురద కడుక్కుంటూ విన్నారు. ఆ వారం నుంచి సోమవారం ఎవరు పిలిచినా వెళ్లలేదు. సంఘపెద్దలు మొదట నొచ్చుకున్నారు. తర్వాత వాళ్లలో ఇద్దరు తామూ సోమవారం ఇంట్లో ఉండడం మొదలుపెట్టారు. ఆయన ప్రసంగాలు చేయలేని పని అది.

1903లో తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపినప్పుడు, అక్కడి తోటల్లో ఆయనకు తెలుగు కూలీలు ఎదురయ్యారు. మీరు వెళ్లే పల్లెలో అలా ఉండదు. తెలుగు మాట్లాడేది ఆ ఇంట్లో నలుగురే. రాత్రి కుటుంబ ప్రార్థన, కీర్తన తెలుగులోనే పెట్టుకోండి. కరెంటు పోయిన రాత్రుల్లో, రేకుల మీద వాన హోరులో, నలుగురం గొంతెత్తి పాడితే తప్ప ఒకరికొకరం వినబడేవాళ్లం కాదు. నా విశ్వాసం నిలబడింది ఆ రాత్రులవల్లే అనుకుంటాను.

తిరిగొచ్చాక కూడా కొన్ని నెలలపాటు ఏ జ్వరం వచ్చినా, ఆఫ్రికా నుంచి వచ్చామని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. చెప్పకపోతే వైరల్ అనుకుని పంపేస్తారు. పిల్లల్ని బంధువుల ముందు నిలబెట్టి వాక్యాలు అప్పజెప్పించకండి. గుంటూరులో అమ్మమ్మ ఇంట్లో మొదటి రాత్రి భోజనానికి ప్రార్థన చేయమంటే మా బాబు కళ్లు మూసుకుని "జికోమో, అంబుయే" అన్నాడు. వందనాలు ప్రభువా, అని. తెలుగులో చెప్పమని నేను అనబోయాను. అమ్మ నా చేయి పట్టుకుని ఆపి, తనూ ఆమెన్ అని, వాడికి నెయ్యి వేసింది.