కారు వెనక స్పీకర్లు మార్చాక శబ్దం సరిగ్గా రాకపోతే

అసలు శబ్దమే రావడం లేదు

ముందు స్టీరియోలో ఫేడర్ (శబ్దాన్ని ముందు, వెనక స్పీకర్లకు పంచే సెట్టింగ్) చూడండి. అది పూర్తిగా ముందు సీట్ల వైపు జరిపి ఉంటే ఎంత మంచి స్పీకరైనా మోగదు. అది సరిగ్గానే ఉంటే స్పీకర్ కనెక్టర్ తీసి, రెండు టెర్మినళ్ల మధ్య మల్టీమీటర్‌తో కొలవండి. 4 ఓమ్‌ల స్పీకర్ అయితే 3 నుంచి 4 మధ్య చూపిస్తుంది. రీడింగ్ రాలేదంటే లోపల కాయిల్ తెగింది. రీడింగ్ బాగుంటే వైరు చూడాలి. డోర్ స్పీకరైతే డోర్‌కీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టం లోపల వెతకండి. డోర్ తెరిచి మూసిన ప్రతిసారీ వైరు వంగేది అక్కడే.

శబ్దం వస్తోంది, బేస్ మాత్రం లేదు

చాలామంది ఇక్కడే కొత్త స్పీకర్లు బాగాలేవని తీసేస్తారు. దయచేసి తొందరపడకండి. రెండింట్లో ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారైతే ఒక కోన్ (స్పీకర్‌లో కదిలే గరాటు లాంటి భాగం) బయటికి వచ్చేటప్పుడు రెండోది లోపలికి పోతుంది. రెండూ కలిసి బేస్‌ను చంపేస్తాయి. వైర్లు విప్పేసి, 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ను స్పీకర్ ప్లస్‌కి, మైనస్‌ను మైనస్‌కి ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి కదలాలి. కొత్త కనెక్టర్లలో రంగులను నమ్మడం కంటే ఈ పరీక్షే మేలు.

పోలారిటీ (ప్లస్, మైనస్ కలిపిన తీరు) సరిగ్గా ఉన్నా బేస్ రాకపోతే స్పీకర్ చుట్టూ సందు ఉండొచ్చు. వెనక గాలి ముందుకు జారిపోతుంది. అంచు కింద ఫోమ్ రింగ్ పెట్టి స్క్రూలు సమంగా బిగించండి.

వాల్యూమ్ పెంచగానే స్టీరియో ఆగిపోతోంది

స్పీకర్ వైరు ఎక్కడైనా బాడీకి తగులుతోందేమో చూడండి. చాలా స్టీరియోల్లో స్పీకర్ మైనస్ వైరు కూడా బాడీ ఎర్త్ కాదు, దాన్ని బాడీకి కలపకూడదు. అలా కలిపితే స్టీరియోలోని ఆంప్లిఫైయర్ కాలిపోవచ్చు. 4 ఓమ్‌ల చోట 2 ఓమ్‌ల స్పీకర్ పెట్టినా స్టీరియో వేడెక్కి ఆగిపోవచ్చు. వైర్లు ముట్టుకునే ముందు కారు బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పండి.

గరగరలాడుతోంది

కోన్‌ను రెండు వైపులా వేళ్లతో మెల్లగా నొక్కండి. రాపిడి తెలిస్తే కాయిల్ పాడైంది, స్పీకర్ మార్చాల్సిందే. నున్నగా కదిలితే విరిగిన ప్యానెల్ క్లిప్పో, వదులైన స్క్రూనో కారణం. అద్దం దించినప్పుడే శబ్దం వస్తే స్పీకర్ మాగ్నెట్‌కి అద్దం తగులుతోంది. తక్కువ లోతున్న స్పీకర్ తీసుకోండి.

ప్యానెల్ మూసేటప్పుడు డోర్ లోపలి ప్లాస్టిక్ షీటును తప్పకుండా తిరిగి అతికించండి. అది లేకపోతే వాన నీళ్లు లోపలికి వస్తాయి.