అక్టోబరు రాకముందే: నాలుగో స్టేజీ రొమ్ము క్యాన్సర్‌తో ఫోన్ గ్రూపుల్లో చేరేవాళ్లకి జాగ్రత్తలు

అక్టోబరు వస్తోందంటే మా ఇంట్లో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి తుపానుకి సర్దుకోవడం: టార్చిలైటు, తాగునీళ్ల డబ్బాలు, అమ్మకి నెలకి సరిపడా మందులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటాక కరెంటు లేక, ఫోన్లు పలక్క రోజుల తరబడి గడిపిన ఊరు మాది, ఆ అలవాటు పోదు. రెండోది అమ్మ ఫోన్ సర్దడం. అక్టోబరు రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల కదా, ఫేస్‌బుక్ తెరిస్తే చాలు గులాబీ రిబ్బన్లు, "క్యాన్సర్‌ని జయించాను" అనే ఫోటోలు. వాటి వెనకే కొత్త వాట్సాప్ గ్రూపుల లింకులు, ఆకు రసంతో గడ్డ కరిగిపోయిందనే వీడియోలు, సాయం పేరుతో డబ్బడిగే మెసేజ్‌లు. నాలుగో స్టేజీలో, అంటే జబ్బు రొమ్ము దాటి వేరే చోట్లకి పాకిన దశలో, ఉన్న మనిషికి ఈ నెల చాలా బరువుగా నడుస్తుంది.

మా అమ్మకి జబ్బు ఎముకలకి పాకిందని తెలిసి మూడేళ్లయింది. ఫోన్‌లో దొరికిన తోడు ఆవిణ్ణి ఎంత నిలబెట్టిందో చూశాను. తొందరపడి చేర్చిన గ్రూపుల వల్ల ఎంత నలిగిపోయిందో కూడా చూశాను. మీ ఇంట్లో ఇలాంటివాళ్లు ఉంటే, లేదా మీరే అయితే, ఈ నెల మొదలవకముందే ఇవి చూసుకోండి.

గ్రూపులో చేరితే ఆయుష్షు పెరుగుతుందని చెప్పేవాళ్లుంటారు. ఆ మాట ఊరికే పుట్టలేదు. 1989లో అమెరికాలో డేవిడ్ స్పీగెల్ అనే సైకియాట్రిస్టు, జబ్బు వేరే చోట్లకి పాకిన 86 మంది ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం లాన్సెట్ పత్రికలో వచ్చింది. వారం వారం కలిసి కూర్చుని మాట్లాడుకున్నవాళ్లు సగటున 36.6 నెలలు, మిగతావాళ్లు 18.9 నెలలు బతికారని అందులో తేలింది. 2001లో కెనడాలో పమేలా గుడ్‌విన్ బృందం 235 మందితో మళ్లీ చేసి చూస్తే ఆయుష్షులో తేడా రాలేదు. కానీ గుంపులో కూర్చున్నవాళ్లకి మనసులో బాధ తగ్గింది, నొప్పి కూడా తగ్గిందని వాళ్లే చెప్పారు. అవి ఎదురెదురుగా కూర్చున్న గుంపులే గానీ ఫోన్ గ్రూపులు కావు. అయినా నేను పట్టుకున్న లెక్క అదే: గ్రూపులో తోడు కోసం వెతకాలి, మందు కోసం డాక్టరు దగ్గరికే వెళ్లాలి. కింద రాసినవన్నీ ఈ ఒక్క మాట మీదే నడుస్తాయి.

స్టేజీ చూసి చేరండి

మేము మొదట చేసిన పొరపాటు ఇదే. రొమ్ము క్యాన్సర్ అని పేరు కనపడగానే ఒక పెద్ద గ్రూపులో అమ్మని చేర్చేశాను. అందరూ మంచివాళ్లే. అయితే అందులో ఎక్కువమంది జబ్బు మొదట్లోనే బయటపడి, ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయిపోయి మామూలు జీవితంలో పడుతున్నారు. ఒకరోజు ఒకమ్మాయి ఆఖరి కీమో అయిపోయిందని గంట కొడుతున్న ఫోటో పెట్టింది. అమ్మ కళ్లజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ "సంతోషం తల్లీ, చల్లగా ఉండు" అని టైపు చేసింది. ఆ పిల్ల ఆప్యాయంగానే అడిగింది, "మీకింకా ఎన్ని సైకిల్స్ (కీమో విడతలు) ఉన్నాయి ఆంటీ?" అని. అమ్మ కాసేపు ఫోన్ వంకే చూసి, దాన్ని మంచం మీద బోర్లా పెట్టేసి, చిక్కుడుకాయలకి ఈనెలు తీయడం మొదలుపెట్టింది. అమ్మ మందుకి ఆఖరి రోజంటూ లేదు. పనిచేసినన్నాళ్లు వాడాలి, పనిచేయడం మానేస్తే ఇంకోదానికి మారాలి. ఆ సంగతి అక్కడ చెబితే ఆ పిల్లలు బెదిరిపోతారని ఆవిడ బెంగ.

నాలుగో స్టేజీవాళ్ల గ్రూపులో ఆ ప్రశ్న రాదు. "ఈ లైన్ (ఇప్పుడు వాడుతున్న మందు) మీకు ఎన్నాళ్లుగా పనిచేస్తోంది?" అని అడుగుతారు. స్కాన్ ముందురోజు అన్నం సహించదని ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. అందుకని గ్రూపు పేరులో గానీ వివరంలో గానీ మెటాస్టాటిక్ (వేరే చోటికి పాకినది), స్టేజ్ 4, ఎంబీసీ (మెటాస్టాటిక్ బ్రెస్ట్ క్యాన్సర్) అనే మాటలున్నాయేమో చూడండి. లేకపోతే చేరకముందే అడ్మిన్‌ని అడగండి: "నాలుగో స్టేజీవాళ్లు ఎంతమంది ఉన్నారండీ?" అని. సమాధానం చెప్పడానికి తడబడే గ్రూపు మీకు పనికిరాదు.

అసలు వెతకడమే ఆసుపత్రి నుంచి మొదలుపెట్టమంటాను. విశాఖలో అగనంపూడి హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి కావచ్చు, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) కావచ్చు, ఎంవీపీ కాలనీలో మహాత్మాగాంధీ క్యాన్సర్ ఆసుపత్రి కావచ్చు, మీరు ఎక్కడ చూపించుకుంటుంటే అక్కడ సోషల్ వర్కర్‌ని, డేకేర్ (మందు ఎక్కించుకుని అదే రోజు ఇంటికి వెళ్లే వార్డు) సిస్టర్‌ని అడగండి. అమ్మకి ఇప్పుడున్న గ్రూపు డేకేర్‌లో పక్కపక్క మంచాల మీద సెలైన్ ఎక్కించుకుంటూ కలిసినవాళ్లదే. ఆరుగురే. ఇద్దరిది శ్రీకాకుళం వైపు, ఒకరిది పార్వతీపురం, ఒకావిడ రాయగడ నుంచి వస్తుంది, ఒకరు గోపాలపట్నం, ఆరోది అమ్మ. సగం మందికి టైపింగ్ రాదు, అన్నీ వాయిస్ మెసేజ్‌లే. ఒకరాత్రి మూడు గంటలప్పుడు వంటింట్లో చిన్న లైటు వెలుగుతుంటే లేచి వెళ్లాను. అమ్మ ఫోన్ చెవికి ఆనించుకుని వింటోంది. అవతల శ్రీకాకుళం పిన్నిగారి గొంతు: "ఏటమ్మా, నిద్దర పట్టనేదేటి? నాకూ నడుం సలుపుతోంది. తెల్లారేదాకా అలా ఏదోటి చెప్పుకుందాం." అమ్మ మొహంలో అంత నెమ్మది నేను చాలా రోజులకి చూశాను.

ఇంగ్లీషు చదవగలిగినవాళ్లకి అమెరికావాళ్ల గ్రూపులు కూడా అక్కరకొస్తాయి. మనకి రాత్రి మూడయితే అక్టోబరులో న్యూయార్క్‌లో సాయంత్రం ఐదున్నర, మాట కలపడానికి ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు. అక్కడ చెప్పుకునే మందులు కొన్ని ఇక్కడ దొరకవు, ధరలు మన లెక్కకి అందవు. అది చదివి మనకేదో తక్కువైపోయిందని కుంగిపోకండి.

పక్కావిడ మందు మీ మందు కాదు

రొమ్ము క్యాన్సర్ పేరు ఒకటే, రకాలు వేరు. బయాప్సీ రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్2 అని మూడు మాటలుంటాయి. మొదటి రెండూ గడ్డ హార్మోన్లకి స్పందించేదా అని, మూడోది ఆ పేరున్న ప్రోటీను ఎక్కువగా ఉందా అని చెబుతాయి. వాటిని బట్టే ఒకరికి లెట్రోజోల్, పాల్బోసిక్లిబ్ లాంటి బిళ్లలు, ఒకరికి ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్, ఇంకొకరికి కీమో. జబ్బు వేరే చోటికి పాకాక ఈ గుణాలు మారే వీలుంది, అందుకే కొందరికి మళ్లీ ముక్క తీసి పరీక్షిస్తారు. మీ మూడు మాటలేంటో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. గ్రూపులో ఎవరైనా "మాకు ఇది భలే పనిచేసింది" అంటే, ముందు వాళ్ల మూడు మాటలు అడగండి. అవి కలిసినా సరే, ఆ మందు పేరు రాసుకుని డాక్టరుగారి దగ్గరికి ప్రశ్నగానే తీసుకెళ్లండి.

ఆకులు, కషాయాల దగ్గర మేము దెబ్బతిన్నాం. లక్ష్మణఫలం ఆకుల కషాయంతో గడ్డ కరుగుతుందని ఒక గ్రూపులో వీడియో తిరిగింది. దగ్గరి చుట్టం ఒకరు ఆకులు తెచ్చిచ్చారు. నాకు చెప్పకుండా అమ్మ పది రోజులు తాగింది. ఆ నెల రక్తపరీక్షలో లివర్ లెక్కలు పెరిగాయి. క్యాన్సర్ బిళ్లల వల్లా, కషాయం వల్లా అంటే డాక్టరుగారు తేల్చి చెప్పలేకపోయారు. చేసేది లేక రెండూ ఆపించారు. పనిచేస్తున్న మందు రెండు వారాలు ఆగిపోయింది. ఆ రెండు వారాలూ అమ్మ నాతో సరిగా మాట్లాడలేదు, తనవల్లే అయిందని. ఏ కషాయమైనా తాగే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి: అది మంచిదో చెడ్డదో తేలకముందే మీ అసలు మందు ఆగిపోవచ్చు. పండ్లలోనూ ఒకటుంది. పాల్బోసిక్లిబ్ వాడేవాళ్లు గ్రేప్‌ఫ్రూట్ తినకూడదు. మన పంపర పనస దానికి దగ్గరి చుట్టం, దాన్నీ పక్కన పెట్టాలి. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. అలాంటి ప్రకటన కనపడగానే తీసేసే అడ్మిన్ ఉన్న గ్రూపులోనే ఉండండి. చేరాక రెండు వారాలు ఏమీ మాట్లాడకుండా చూస్తే ఆ సంగతి మీకే తెలిసిపోతుంది.

నంబరు, రిపోర్టు, డబ్బు

వాట్సాప్ గ్రూపులో చేరితే మీ నంబరు అందులో ఉన్నవాళ్లందరికీ కనిపిస్తుంది. జబ్బు సంగతి వీధిలో తెలియకూడదనుకునే కుటుంబాలు చాలా ఉంటాయి. పిల్లకి సంబంధాలు చూస్తున్నారనో, అద్దె ఇల్లనో. వాళ్ల కారణం వాళ్లది. ప్రైవసీ సెట్టింగుల్లో గ్రూపుల దగ్గర "నా కాంటాక్టులు మాత్రమే" అని పెట్టుకుంటే తెలియనివాళ్లు మిమ్మల్ని లాగి గ్రూపులో పడేయలేరు. ప్రొఫైల్ ఫోటోకీ అలాగే. రిపోర్టు ఫోటో పెట్టాల్సి వస్తే పేరు, ఆసుపత్రి నంబరు, ఫోన్ నంబరు కనపడకుండా కత్తిరించి పెట్టండి. ఆధార్, ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) కార్డు ఎవరికీ పంపొద్దు. పథకం పనులకి ఆసుపత్రి కౌంటర్లో ఆ పని చూసే మనిషి ఉంటారు, ఫోన్‌లో ఓటీపీ అడిగేవాడితో పనిలేదు.

"మా అమ్మ పోయారు, మిగిలిన బిళ్లలు సగం ధరకి ఇస్తాం" అని వచ్చే మెసేజ్ చూస్తే మనసు కరుగుతుంది. అయినా కొనొద్దు. ఆ స్ట్రిప్పు అసలుదో కాదో, ఎండలో ఎన్నాళ్లుందో తెలియదు. ట్రాస్టుజుమాబ్ లాంటి ఇంజెక్షన్లయితే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి. ధర గురించే అయితే డాక్టరుగారిని జెనరిక్ అడగండి. 2023 జనవరిలో మన దేశంలో పాల్బోసిక్లిబ్ పేటెంటు ముగిశాక చాలా కంపెనీలవి తక్కువ ధరకి వచ్చాయి. ఎవరికైనా డబ్బు వేసి మోసపోయామని తెలిస్తే సిగ్గుపడుతూ కూర్చోకుండా ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఒకరు వెళ్లిపోయినప్పుడు

నాలుగో స్టేజీ గ్రూపులో ఇది వస్తుంది. దీని గురించి ముందే ఇంట్లో మాట్లాడుకోండి. మా ఆరుగురిలో పార్వతీపురం ఆవిడ పోయిన ఏడాది వెళ్లిపోయింది. వాళ్లబ్బాయి పెట్టిన రెండు వాక్యాల మెసేజ్ అమ్మ పొద్దున్న కాఫీ తాగుతూ చూసింది. ఫోన్ తీసేసుకుందామనుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "ఆవిడ ఉన్నన్నాళ్లూ మాట్లాడి, ఇప్పుడు పారిపోమంటావా?" అంది. ఆ అబ్బాయికి వాయిస్ మెసేజ్ పంపి, తర్వాత వారం రోజులు తనే గ్రూపుని మ్యూట్‌లో పెట్టుకుంది. చాలాచోట్ల ఇలాంటి కబురు నేరుగా పెట్టకుండా, అడ్మిన్ ముందు ఒక మాట చెప్పి పెడతారు. మీ గ్రూపులో ఆ పద్ధతి లేకపోతే పెట్టమని అడగండి. బయటికి రావాలనిపిస్తే రండి, మళ్లీ వెళ్లొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. గ్రూపులో చెప్పుకోలేని దిగులైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంట్లోవాళ్లకి ఒక మాట: ఆవిడ గ్రూపు ఆవిడది. అడక్కుండా తెరిచి చదవొద్దు. నేను చదివాను, నా గురించి ఆవిడ పడే బెంగ అందులో చూశాను, అది నాకోసం రాసుకున్నది కాదు.

కొన్ని మాత్రం గ్రూపులో అడగనే కూడదు. కీమోలో గానీ, తెల్లకణాలు తగ్గించే బిళ్లల మీద గానీ ఉన్నప్పుడు జ్వరం 100.4 దాటితే, కొత్తగా నడుంనొప్పితో పాటు కాళ్లు తిమ్మిరెక్కి పట్టుతప్పుతుంటే, మూత్రం మీద అదుపు పోతే, ఆయాసం వస్తే, ఎవరో చూసి జవాబిచ్చేదాకా ఆగొద్దు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి బయల్దేరాలి. వెన్నుపూస నరం నొక్కుకుపోతే ఆలస్యమైన ప్రతి గంటా కాళ్ల మీద పడుతుంది.

తుపాను మాట ఊరికే ఎత్తలేదు. సిగ్నల్ పోతే గ్రూపూ పోతుంది. అమ్మ మందుల డబ్బా మూత లోపల ఒక కాగితం అంటించాను: డేకేర్ నంబరు, డాక్టరుగారి నంబరు, ఆ మూడు మాటలు, బిళ్లలు మొదలుపెట్టిన తేదీ, 21 రోజులు వేసి 7 రోజులు ఆపే లెక్క. దాని కింద అమ్మ తనే పెన్ను తీసుకుని గ్రూపులోవాళ్ల నంబర్లు, వాళ్ల ఊళ్లు రాసింది. పార్వతీపురం ఆవిడ నంబరు కూడా రాసింది. నేనేమీ అనలేదు.